పొర్లే ట్యాంకి, మూసిన పైపు

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్... ఏ ఊరైనా సరే, ముప్పై నలభై ఏళ్ళ కింద కట్టిన ఇళ్ళ వెనక సందులోకి పోయి గోడలు చూస్తే ఒక పైపు ముక్క బయటికి పొడుచుకొని కనిపిస్తుంది. ముప్పావు అంగుళం లావు, జానెడు పొడవు. దాని కింద పాచి పట్టిన చార, ఆ చార వెంట ఉబ్బి రాలుతున్న సున్నం. లెట్రిన్‌లోని ఫ్లష్ ట్యాంకి హద్దు మీరి నిండితే నీళ్ళు బయటపడడానికి పెట్టిన ఓవర్‌ఫ్లో పైపు అది. అందులోంచి నీళ్ళు కారుతుంటే ఇంటాయన గోడ పాడవుతోందని బాధపడతాడు, పక్కింటాయన సందు తడుస్తోందని పంచాయితీకి వస్తాడు, పిలిచిన ప్లంబర్ మొత్తం సెట్టు మార్చమంటాడు. చివరికి ఎవరో ఒకరు పైపు మూతికి గుడ్డపేలిక కుక్కి, పైన ఎం-సీల్ రాస్తారు. కారడం ఆగుతుంది. నీళ్ళు పోవడం మాత్రం ఆగదు.

పాత ట్యాంకి పొర్లితే ఏం చెయ్యాలన్న దాని మీద మన దగ్గర చెలామణిలో ఉన్న సలహాలు చాలావరకు రెండే: పైపు మూసెయ్యి, లేదా ట్యాంకి మార్చెయ్యి. మొదటిది అన్నివిధాలా తప్పు. రెండోది కొన్ని ఇళ్ళకు సరైనదే కానీ, చెప్పినంత తరచుగా కాదు. లోపల చెయ్యిపెట్టి నీళ్ళు వచ్చే చోటు బాగుచేసుకోవడం ఈ రెండిటికంటే చవక. బహుశా అందుకే దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఏ ఇంటికి ఏది పనికొస్తుందో తేల్చాలంటే ట్యాంకి ఒక్కటి చూస్తే సరిపోదు. ఈ ప్రాంతపు నీళ్ళ గుణం, అవి వచ్చే ఒత్తిడి కూడా చూడాలి.

ముందుగా ఒక హద్దు గీసుకోవాలి. ఉత్తర తెలంగాణ పల్లెల్లో చాలా ఇళ్ళకు ఫ్లష్ ట్యాంకే ఉండదు. నీళ్ళ గోలెం, మగ్గు ఉంటే చాలు, చేత్తో పోసే లెట్రిన్‌కు రెండు లీటర్లు సరిపోతాయి. కాబట్టి ఈ సమస్య పట్టణాలది, లాడ్జీలది, సర్కారు క్వార్టర్లది, కంపెనీ కాలనీలది. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో అటువంటి కాలనీలకు కొదవ లేదు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లున్నాయి. నిజాం కాలంలో 1938లో పెట్టిన పేపర్ మిల్లు చుట్టూ కాగజ్‌నగర్ ఉంది. 1978లో శంకుస్థాపన జరిగిన రామగుండం ఎన్టీపీసీకి పెద్ద టౌన్‌షిప్ ఉంది. ఇలాంటి చోట్ల ఒకే రోడ్డు మీద మూడు తరాల ట్యాంకులు కనిపించవచ్చు. తల మీద ఎత్తున బిగించి గొలుసు గుంజే పోత ఇనుప ట్యాంకి మొదటిది. కమోడ్ వెనక నడుమెత్తున ఉండి పక్కన హ్యాండిల్ తిప్పే పింగాణీ లేదా ప్లాస్టిక్ ట్యాంకి తర్వాతది. పైన బటన్ నొక్కేది ఇప్పటిది. మొదటి రెండూ సైఫన్ పద్ధతి మీద నడుస్తాయి. మూడోదానికి అడుగున రబ్బరు సీలుతో ఒక వాల్వు ఉంటుంది. ఈ తేడా మొత్తం కథకు కీలకం. దాని దగ్గరికి మళ్ళీ వద్దాం.

ట్యాంకిలో నీళ్ళు ఆగడం వెనక ఉన్న యంత్రం చాలా పాతది. నీళ్ళ మట్టం పెరిగితే తేలే వస్తువు పైకి లేచి దారి మూసెయ్యాలి, అంతే. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ నీటి గడియారానికి తేలే బిరడాను వాడాడని చెబుతారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా అన్నదమ్ములు తమ యంత్రాల పుస్తకంలో ఇలాంటి ఏర్పాట్లు బొమ్మలతో వివరించారు. మన బాల్ కాక్ అదే కుటుంబానికి చెందింది. పెద్ద బంతి ఒకటి, దాన్ని పట్టిన ఇత్తడి కడ్డీ, కడ్డీ కొసన మడతలో ఒక పిన్ను, ఆ పిన్ను దగ్గర అడ్డంగా జరిగే ప్లంజర్, ప్లంజర్ మూతికి రబ్బరు వాసరు. బంతి పైకి లేస్తే వాసరు వెళ్ళి ఇత్తడి రంధ్రానికి అదుముకుంటుంది. బంతి చిన్న బలంతో లేచినా కడ్డీ పొడవు వల్ల అది వాసరు దగ్గర ఇంచుమించు పదింతలవుతుంది. అందుకే అంత తేలికైన బంతి నల్లా నీళ్ళ ఒత్తిడిని ఆపగలుగుతుంది. మన దేశంలో ఈ అడ్డ ప్లంజర్ వాల్వులకు భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన నంబరు ఐఎస్ 1703. పాత ట్యాంకి మూత తీసి చూస్తే ఎక్కువగా కనిపించేది ఈ రకమే.

పొర్లుతున్న ట్యాంకి ముందు నిలబడినవాళ్ళు చేయవలసిన మొదటి పని బజారుకు పోవడం కాదు. మూత తీసి బంతిని చేత్తో పైకి ఎత్తాలి. నీళ్ళు ఠక్కున ఆగిపోతే వాసరు బాగానే ఉంది, లోపం బంతిలోనో కడ్డీలోనో ఉంది. గట్టిగా ఎత్తి పట్టినా సన్నధార వస్తూనే ఉంటే లోపం వాసరు దగ్గర. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష చెయ్యకుండానే మన దగ్గర చాలా ట్యాంకులు మారిపోతున్నాయి. "పాత మాడల్ సార్, పార్టులు దొరకయ్, మొత్తం సెట్టే ఏసుకోర్రి" అనే మాట వినని పట్టణం లేదు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మిగతాది అంగడి.

బంతి సంగతి తీసుకుందాం. వెనకటి రాగి బంతికి అతుకు దగ్గర చిల్లి పడేది. ప్లాస్టిక్ బంతికి మరచుట్టు దగ్గర సన్నటి పగులు వస్తుంది. నీళ్ళు మెల్లగా లోపలికి చేరి బంతి బరువెక్కుతుంది, సగం మునిగి వేలాడుతుంది. విప్పి చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. కొత్త బంతి వచ్చేదాకా దాన్ని ఒక పాలిథీన్ సంచిలో చుట్టి దారంతో బిగించి కడితే ఒకటి రెండు రోజులు గడుస్తుంది. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. నాలుగున్నర అంగుళాల పాత బంతి పోతే షాపులో మూడంగుళాల బంతి ఇచ్చి "ఇదే వస్తది అన్నా" అంటారు. వ్యాసం మూడింట రెండు వంతులకు తగ్గితే బంతి తేలే బలం మూడో వంతు కంటే కూడా తక్కువకు పడిపోతుంది. అంత చిన్న బంతి పాత ఇత్తడి వాల్వును పూర్తిగా అదమలేకపోవచ్చు. కొత్త బంతి వేశాక కూడా ట్యాంకి పొర్లితే ముందు చూడవలసింది దాని సైజు.

బంతి బాగుండి కూడా నీళ్ళు ఎక్కువ ఎత్తుకు పోతుంటే కడ్డీని సరిచెయ్యాలి. నీళ్ళ మట్టం ఓవర్‌ఫ్లో మూతికి కనీసం ఒక అంగుళం కింద ఆగాలి. ఇత్తడి కడ్డీని రెండు చేతులతో పట్టి, బంతి వైపు కొసను కొంచెం కిందికి వంచితే మట్టం తగ్గుతుంది. వాల్వు పట్టి వంచకూడదు, మడత దగ్గరి పిన్ను విరుగుతుంది. ప్లాస్టిక్ కడ్డీ వంగదు, దానికి ఒక స్క్రూ ఇస్తారు. ఇంకొన్ని ట్యాంకుల్లో కడ్డీకి ఏ జబ్బూ ఉండదు, బంతి పక్క గోడకో సైఫన్ గంటకో రాసుకొని ఇరుక్కుంటుంది. నీళ్ళు పొదుపు చేద్దామని ట్యాంకిలో ఇటుక వేసిన ఇళ్ళలో ఇది మామూలే. పైగా ఇటుక నాని రాలి, ఆ ఇసుక పోయి సీలు కింద కూర్చుంటుంది. పొదుపు కావాలంటే నీళ్ళు నింపి బిరడా పెట్టిన సీసా వేసుకోవచ్చు, అదీ బంతి తిరిగే దారికి అడ్డం రాకుండా.

వాసరు కథ వేరు. అది ఈ నేల కథ.

దేవాపూర్‌లో 1982లో సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. బసంత్‌నగర్‌లో అంతకు ముందే, 1969లో. మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో కూడా సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇవన్నీ ఈ ప్రాంతానికి వచ్చింది సున్నపురాయి కోసం. ఆ రాయి మీదుగా ఇంకిన వాననీళ్ళు దాని కాల్షియంలో కొంత కరిగించుకొని బోరులోకి చేరుతాయి. కరీంనగర్ వైపు గ్రానైటు నేల, ఆదిలాబాద్ పడమటి వైపు నల్లరేగడి కింద బసాల్టు. అక్కడి లోతు బోర్లలో కూడా చాలాచోట్ల నీళ్ళు గట్టివే, సబ్బు నురగ రానివే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. అది తాగే మనిషికి పెట్టిన హద్దు. రబ్బరు వాసరుకు హద్దు పెట్టినవాళ్ళు లేరు. 600 దగ్గరి నీళ్ళను మనిషి తట్టుకుంటాడేమో గానీ బాల్ కాక్ తట్టుకోదు.

ఎలా పాడవుతుందో చూడండి. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి, గాలి తగిలినచోట, ఆరిపోయేచోట కార్బనేట్‌గా విడిపోయి తెల్లటి గారలా అతుక్కుంటుంది. వాసరు అంచున ఒక్క చుక్క నిలిచి ఆరితే ఒక పొర. రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. డాబా మీది నల్ల సింటెక్స్ ట్యాంకిలో నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ నీళ్ళే ఫ్లష్ ట్యాంకిలోకి దిగుతాయి. గార తొందరగా పేరుతుంది, రబ్బరు తొందరగా బిరుసెక్కుతుంది. వాసరు మీద రంధ్రం అచ్చు గుండ్రంగా లోతుగా పడుతుంది, మధ్యలో గార పలుకు ఇరుకుతుంది, అక్కడి నుంచి సన్నధార మొదలవుతుంది. నల్లా నీళ్ళు వాడే ఇళ్ళలో గార తక్కువ. కరీంనగర్‌కు లోయర్ మానేరు డ్యాం నుంచి శుద్ధిచేసి వచ్చే నీళ్ళు బోరు నీళ్ళంత గట్టివి కావు. కానీ నల్లా ఆగి మళ్ళీ వచ్చినప్పుడల్లా పైపుల్లోని తుప్పు, సన్న ఇసుక కొట్టుకొస్తాయి. వానాకాలం ఆ బాధ మరీ ఎక్కువ. ఇసుక పలుకు ఇరికి పొర్లే ట్యాంకికి ఒక్కోసారి వాసరు మార్చనక్కరలేదు. నాలుగైదుసార్లు బంతిని గబగబా పైకి కిందికి ఆడిస్తే ధార ఆ పలుకును తోసేస్తుంది.

వాసరు మార్చడం గొప్ప విద్యేమీ కాదు. ట్యాంకికి నీళ్ళు వచ్చే పైపు మీది యాంగిల్ కాక్ కట్టేసి, స్ప్లిట్ పిన్ను గుంజి, కడ్డీ తీసి, ప్లంజర్ బయటికి లాగాలి. దాని మూతికి ఉన్న టోపీ విప్పితే లోపల వాసరు. కొత్తది దొరక్కపోతే పాతదాన్నే తిరగేసి వెయ్యవచ్చు, అచ్చు పడని వైపు ఇంకా కొన్నాళ్ళు పనిచేస్తుంది. వాసరు ఖరీదు కొద్ది రూపాయలే. దానికోసం పిలిచిన మనిషి కూలి అంతకు ఎన్నో రెట్లు. ఈ తేడాయే కొత్త సెట్టు అమ్మకానికి దారి తీస్తుంది, ప్లంబర్‌ను ఒక్కణ్ణి అనడానికి లేదు. ఇత్తడి రంధ్రం అంచు కూడా వేలితో తడమాలి. అంచు కోసుకుపోయి గరుకుగా ఉంటే ఎన్ని వాసర్లు వేసినా వారం రోజుల ముచ్చటే, అప్పుడు వాల్వు మార్చడం న్యాయం. గార పట్టిన భాగాలను నిమ్మఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెడితే పొర వదులుతుంది. చింతపండు గుజ్జు కూడా పనిచేస్తుంది, ఇత్తడి బిందెలు తోమేవాళ్ళకు ఇది తెలియనిది కాదు. లెట్రిన్ కడిగే యాసిడ్ మాత్రం ట్యాంకిలో పొయ్యకూడదు. అది గారతో పాటు ఇత్తడినీ తింటుంది. ట్యాంకిలో వేసే క్లోరిన్ బిళ్ళలు కూడా రబ్బరుకు శత్రువులే.

ఒత్తిడి మాట. పది మీటర్ల ఎత్తు నీళ్ళు చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు ఒక కిలో బలం చూపుతాయి. ఒక్క అంతస్తు ఇల్లు, డాబా మీద ట్యాంకి అయితే ఫ్లష్ ట్యాంకి మీద పడేది మూడు నాలుగు మీటర్ల ఎత్తే. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో కింది ఇంటికి పన్నెండు పధ్నాలుగు మీటర్లు. ఒకే వాల్వు రెండు చోట్లా ఒకేలా నడవదు. అందుకే వాల్వుల్లో రంధ్రం చిన్నదిగా ఉండేవి, పెద్దదిగా ఉండేవి వేరువేరుగా వస్తాయి. ఎక్కువ ఒత్తిడికి చిన్న రంధ్రం, తక్కువ ఒత్తిడికి పెద్దది. ఒత్తిడి తక్కువ ఇంట్లో చిన్న రంధ్రం వేస్తే పొర్లదు గానీ ట్యాంకి నిండడానికి చాలాసేపు పడుతుంది. అపార్ట్‌మెంట్ కింది ఇంట్లో పెద్ద రంధ్రం వేస్తే బంతి ఎంత లేచినా నీళ్ళు తోసుకొస్తాయి. షాపులో ఈ తేడా అడిగేవాళ్ళు తక్కువ, చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ. పాత వాల్వును చేతిలో పట్టుకుపోయి రంధ్రం పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం అన్నిటికంటే సులువు.

కొన్ని ఇళ్ళలో ట్యాంకి రాత్రిపూటే పొర్లుతుంది, పొద్దున చూస్తే బాగానే ఉంటుంది. ఫ్లష్ ట్యాంకి కనెక్షన్ మీది ట్యాంకి నుంచి కాక నేరుగా నల్లా లైను నుంచి ఉన్న ఇళ్ళలో ఇది జరుగుతుంది. ఊరంతా నీళ్ళ వాడకం ఆపిన వేళ లైనులో ఒత్తిడి పెరుగుతుంది, పగలు ఎలాగో ఆపుతున్న బలహీనమైన వాసరు రాత్రి లొంగిపోతుంది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలంలో ఇది పెద్దగా తెలిసేది కాదు. కరీంనగర్‌లో 2020 నుంచి నల్లా రోజూ ఇవ్వసాగారు, ఇరవై నాలుగు గంటలూ ఇచ్చే ఏర్పాట్ల మీద కూడా పని మొదలుపెట్టారు. నీళ్ళు ఎప్పుడూ ఉండే లైనుకు ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. పాత ట్యాంకిని నేరుగా దానికి కలిపినవాళ్ళు యాంగిల్ కాక్‌ను సగం తిప్పి పెట్టుకోవడం మంచిది. గొలుసు ట్యాంకులకు ఈ పని మరీ అవసరం. సైఫన్ చివర గాలి పీల్చి తెగాలంటే ట్యాంకి ఖాళీ కావాలి. నీళ్ళు వచ్చే వేగం ఎక్కువైతే అది తెగదు, ఒకసారి గొలుసు గుంజితే పారుతూనే ఉంటుంది. చాలామంది దాన్ని పొర్లడమే అనుకుంటారు. అది వాసరు జబ్బు కాదు, కాక్‌ను రెండు చుట్లు బిగిస్తే పోతుంది.

ఇప్పుడు ఓవర్‌ఫ్లో పైపు దగ్గరికి వద్దాం. భారతీయ ప్రమాణాలు దాన్ని 20 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంచమన్నాయి. మూతికి 1.25 మిల్లీమీటర్ల రంధ్రాలున్న ఇత్తడి జల్లెడ బిళ్ళ పెట్టమన్నాయి. దోమలు లోపలికి పోకుండా అది. విప్పి కడగడానికి వీలుగా ఉండాలని కూడా రాశారు. పాత ఇళ్ళ వెనక నిలబడి చూస్తే ఆ బిళ్ళ ఉన్న పైపు వెతికినా దొరకదు. ఉన్నది ఒట్టి ప్లాస్టిక్ మూతి, అందులో కందిరీగ గూడు, బల్లి గుడ్లు. వాడకం లేని లెట్రిన్ ట్యాంకిలో నిలిచిన మంచినీళ్ళు డెంగీ దోమకు ఇష్టమైన చోటు, ఈ తెరిచిన మూతి దానికి వాకిలి. మూతికి దోమతెర ముక్క చుట్టి తీగతో బిగిస్తే ఆ లోటు తీరుతుంది. గుడ్డ కుక్కితే తీరదు. గుడ్డ కుక్కిన పైపు వెనక ట్యాంకి నిండి మూత పక్కలనుంచో, హ్యాండిల్ రంధ్రంలోంచో పొర్లి గదిలో పడుతుంది. లేదా సైఫన్ అంచు దాటి కమోడ్‌లోకి చడీచప్పుడు లేకుండా జారుతుంది. ముందు అందరికీ కనిపించిన వృథా ఇప్పుడు ఎవరికీ కనిపించదు.

ట్యాంకి మార్చడం మీద నా అభ్యంతరం కూడా ఇక్కడే పుడుతుంది. సైఫన్ ట్యాంకికి అడుగున వాల్వు ఉండదు. నీళ్ళు కమోడ్‌లోకి పోవాలంటే ముందు సైఫన్ మెడ ఎక్కి దిగాలి, ఓవర్‌ఫ్లో తెరిచి ఉన్నంతకాలం ఎవరో గొలుసు గుంజితే తప్ప అది జరగదు. కాబట్టి దానికి కారే దారి దాదాపు ఒక్కటే, బయటికి పోయే ఓవర్‌ఫ్లో. ఇది యాదృచ్ఛికం కాదు. నీళ్ళ కంపెనీలు వృథా ఆపాలని పట్టుబట్టిన విక్టోరియా కాలపు ఇంగ్లండులో ఈ పద్ధతి స్థిరపడింది. అక్కడి నుంచే మనకు వచ్చింది. బ్రిటన్‌లో 1999 నిబంధనలు వచ్చి, 2001 నుంచి అడుగు వాల్వు ట్యాంకులను, లోపలే పొర్లే ఓవర్‌ఫ్లోను అనుమతించేదాకా అక్కడ సైఫనే రాజ్యమేలింది. తక్కువ నీళ్ళతో ఫ్లష్ అవ్వాలి, రెండు బటన్లు ఉండాలి అన్న మంచి ఉద్దేశంతోనే ఆ మార్పు చేశారు. తర్వాత సీళ్ళు అరిగాయి, నీళ్ళు కమోడ్‌లోకి జారడం మొదలైంది. కారే టాయిలెట్ల వల్ల ఆ దేశంలో రోజుకు దాదాపు 40 కోట్ల లీటర్లు పోతున్నాయని వాటర్‌వైజ్ అనే సంస్థ అంచనా వేసింది. నీళ్ళు పొదుపు చేసేందుకు తెచ్చిన ట్యాంకే నీళ్ళు కార్చింది.

మన బటన్ ట్యాంకి అదే వంశానిది. దాని ఓవర్‌ఫ్లో గొట్టం లోపలే ఉంటుంది, పొర్లిన నీళ్ళు నేరుగా కమోడ్‌లోకి పోతాయి. గోడ తడవదు, పక్కింటాయన అడగడు. గట్టి నీళ్ళ ఊళ్ళలో అడుగు సీలు మీద గార పేరడానికి ఎక్కువకాలం పట్టదు. కనిపెట్టడానికి ఒక సులువైన దారి ఉంది. బట్టలకు పెట్టే నీలం పది చుక్కలు ట్యాంకిలో వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకుండా చూడాలి. కమోడ్‌లో నీలి ఛాయ దిగితే సీలు కారుతోందని అర్థం, లేదా నీళ్ళు గొట్టం దాకా ఎక్కి పొర్లుతున్నాయని. కొత్తగా కట్టే ఇళ్ళలో గోడ లోపల దాచే ట్యాంకులు ఫ్యాషన్ అయ్యాయి. వాటికి ముందు పలక విప్పితే చెయ్యి పట్టేంత జాగా వదిలారా లేదా అన్నది టైల్స్ అతికించకముందే చూసుకోవాలి. తర్వాత చూస్తే గోడ పగలగొట్టడమే మిగులుతుంది.

అయినా పాతదే ఎప్పటికీ ఉంచుకొమ్మని చెప్పడం కూడా పొరపాటే. గొలుసు ట్యాంకి ఒక్క గుంజుకు పది పన్నెండు లీటర్లు మింగుతుంది. రెండు బటన్ల ట్యాంకి ఆరు లీటర్లతో, చిన్న బటన్ అయితే మూడు లీటర్లతో సరిపెడుతుంది. 1980లో ఆస్ట్రేలియాలో కరోమా కంపెనీ మొదట తెచ్చినది కూడా పెద్ద ఫ్లష్‌కు 11 లీటర్లు, చిన్నదానికి 5.5 లీటర్లు వాడేది. అక్కడి నుంచి ఇంత దూరం దిగింది. పోత ఇనుము తుప్పు పట్టి బిళ్ళలు రాలుతున్నా, పింగాణీ నెర్రె బారినా, ఇత్తడి అంచు తెగినా మార్చుకోవలసిందే. మార్చినవాళ్ళు ఆరు నెలలకోసారి ఆ నీలం పరీక్ష చేసుకుంటే మార్చిన లాభం దక్కుతుంది. ఇంట్లో నలుగురైదుగురు ఉండి రోజుకు ఇరవై సార్లు ఫ్లష్ చేసే చోట మార్పు లెక్కకు నిలుస్తుంది. ముసలి దంపతులిద్దరే ఉన్న ఇంట్లో, బాల్ కాక్ ఒక్కటే చెడితే, నిలవదు.

లెక్క అంటే ఇదీ. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. అది పెద్ద నష్టం కాదు, దాని గురించి కొందరు చేసే హడావిడి ఎక్కువ. అసలు నష్టం పెన్సిల్ మొనంత ధారలో ఉంది. ఐదు నిమిషాలకు ఒక లీటరు సీసా నిండే ధార రోజుకు 288 లీటర్లు. మరుగుదొడ్డి ఫ్లష్ కోసం మన ప్రమాణాలు మనిషికి రోజుకు 45 లీటర్లు కేటాయించాయి, ఐదుగురికి 225. అంటే ఆ సన్నధార కుటుంబమంతా వాడుకునే ఫ్లష్ నీళ్ళకంటే ఎక్కువ. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పల్లెల్లో మనిషికి 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150 లక్ష్యంగా పెట్టుకుంది. గోదావరి, మానేరు నీళ్ళను పంపులతో ఎత్తి, శుద్ధిచేసి, వందల కిలోమీటర్ల పైపుల్లో తెచ్చాక ఒక పల్లెలో ముగ్గురికి ఇవ్వవలసిన వాటా దాదాపు ఒక బాల్ కాక్ దగ్గర పోతోంది.

బోరు ఇళ్ళలో దీనికి కరెంటు బిల్లు తోడవుతుంది. పడుకునే ముందు నిండిన ట్యాంకి పొద్దునకు అడుగంటితే మోటారు కాలిందనో, బోరు ఎండిందనో అనుమానపడతారు గానీ లెట్రిన్ మూత తీసి చూడరు. అంతకంటే తీవ్రమైనది సెప్టిక్ ట్యాంకు సంగతి. భూగర్భ డ్రైనేజీ అందని వీధుల్లో ఇప్పటికీ ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. ఐఎస్ 2470 ప్రకారం దాని కనీస సామర్థ్యం 1000 లీటర్లు. మలం అడుక్కి చేరి కుళ్ళడానికి నీళ్ళు అందులో కదలకుండా కనీసం ఒక రోజు నిలవాలి. కమోడ్‌లోకి నిమిషానికి లీటరు చొప్పున జారే కొత్త ట్యాంకి రోజుకు 1440 లీటర్లు అందులోకి తోస్తుంది. బురద అడుక్కి చేరకముందే, నీళ్ళు ఇంకడానికి తవ్విన సోక్‌పిట్‌లోకి కొట్టుకుపోతుంది, సోక్‌పిట్ మట్టి రంధ్రాలు పూడుతాయి, వానాకాలంలో కమోడ్ నీళ్ళు వెనక్కి తంతాయి. అప్పుడు ట్యాంకర్‌ను పిలిచి ఖాళీ చేయిస్తారు. రెండు నెలలకు మళ్ళీ అదే. సెప్టిక్ ట్యాంకు చిన్నది కట్టారని మేస్త్రీని తిట్టుకుంటారు. బయటికి కారే పాత ట్యాంకి గోడను పాడుచేసినా ఈ పని మాత్రం చెయ్యదు.

పని తెలిసిన మనుషులు లేరా అంటే, ఉన్నారు, కాకపోతే ఇక్కడ లేరు. ఐటీఐల్లో ప్లంబర్ ట్రేడ్ ఒక ఏడాది కోర్సు. చేరేవాళ్ళు తక్కువ, చేరినవాళ్ళ చూపు దుబాయి మీద. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళలో పైపుల పని చేసినవాళ్ళు ఎంతోమంది. అక్కడ హోటళ్ళలో, టవర్లలో రకరకాల వాల్వులు విప్పి బిగించిన చేతులు తిరిగి వచ్చాక చాలాసార్లు కిరాణా కొట్టు పెడతాయి, లేదా ఆటో నడుపుతాయి. ఇక్కడ పని అంటే ఇంటికి పిలిచి వాసరుకు కూలి ఇవ్వడానికి బేరమాడే గిరాకీ. ఒడిశాలోని కేంద్రపడా జిల్లా నుంచి దేశమంతా ప్లంబర్లు పోతారు, అక్కడ పట్టాముండాయిలో ఆ పనికి ప్రత్యేకంగా ఒక సంస్థే ఉంది. మన దగ్గర అంత నైపుణ్యం గల్ఫ్ దారిలో తయారై వచ్చినా దానికి గుర్తింపు లేదు. మున్సిపాలిటీలు ఇంటి నల్లాల లెక్క తీస్తాయి, వీధి పైపు పగిలితే బాగుచేస్తాయి. ఇంటి లోపలి కారడం వాళ్ళ పుస్తకంలో లేదు. ఏడాదికోసారి ఎండాకాలానికి ముందు వార్డు వార్డుకూ తిరిగి వాసర్లు మార్చే ఇద్దరు మనుషుల్ని పెట్టుకుంటే కొత్త రిజర్వాయరు కట్టినంత కాకపోయినా, ఆ ఖర్చులో లెక్కకు రానంత డబ్బుతో కొంత నీళ్ళు మిగులుతాయి.

అప్పటిదాకా ఇంటివాళ్ళు చేసుకోగలిగినది ఒకటుంది, యాంగిల్ కాక్‌ను పనిచేసే స్థితిలో ఉంచుకోవడం. పైన చెప్పిన ప్రతి మరమ్మతూ దాన్ని కట్టెయ్యడంతోనే మొదలవుతుంది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని కాక్ గార పట్టి బిగుసుకుపోతుంది. అవసరం పడినరోజు పానా వేసి తిప్పితే గోడలోని నిపిల్ విరిగి పెద్ద రిపేరవుతుంది. నెలకోసారి పూర్తిగా కట్టి మళ్ళీ తెరిస్తే అది బిగుసుకోదు. మేడారం జాతరకో, కొడుకు దగ్గరికి హైదరాబాదుకో వారం పోయేముందు గ్యాసు కట్టేసినట్టే దాన్నీ కట్టేసి పోవాలి. అది ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పవద్దు. మీది ట్యాంకి కింద ఉన్న గేట్ వాల్వు కట్టి, లైను ఖాళీ చేసి, ప్లంబర్‌తో కొత్త కాక్ వేయించాలి. బాల్ కాక్ పని కూడా అదే రోజు, అదే కూలిలో అయిపోతుంది.